ఖాళీ కూల్చివేత

మా ఇంటికి మొదటి అంతస్తు ఉందన్న సంగతి మునిసిపాలిటీ వారు వచ్చి చెప్పేదాకా నాకు తెలియదు.

మల్లవకోడులో మాది మామూలు డాబా ఇల్లు. ముందు సిమెంటు వాకిలి, ఆ వాకిట్లో ఒక లేత పసుపుపచ్చ చిన్న కారు. కారు మా ఆవిడ ఇందుమతిది. ఆవిడ పోయి మూడేళ్లయినా కారు ఆవిడదే. నేను నడుపుతాను, అంతే. వెనక అద్దం దగ్గర ఆవిడ పెట్టిన కుక్కబొమ్మ ఒకటి ఉంది. బండి కదిలితే తల ఊపుతుంది. నేను కాలేజీలో చరిత్ర చెప్పినన్నాళ్లూ ఏ విద్యార్థీ నా మాటలకి అంత శ్రద్ధగా తల ఊపలేదు.

ఇందుమతికి ఒక తీరని సరదా ఉండేది. కారు కింద ఏముందో చూడాలని. షెడ్డులో మెకానిక్ గోతిలోకి దిగినప్పుడల్లా తనూ దిగబోయేది. అతను "మీకెందుకమ్మగారూ, మసి" అని కుర్చీ వేసి కూల్‌డ్రింకు తెప్పించేవాడు. ఆవిడ ఆ గోతి వైపు చూస్తూ కూల్‌డ్రింకు తాగేది. ఇప్పుడా షెడ్డు బైపాసు రోడ్డుకి తరలిపోయింది. అక్కడ బండి పొద్దున్న ఇస్తే సాయంత్రానికి "రేపు రండి" అంటారు. అందుకని ఇంట్లోనే ఆయిల్ మార్చుకుందామని ఒక కారు లిఫ్టు తెప్పించాను.

దాన్ని చూస్తే మీకూ ముచ్చటేస్తుంది. మడిచి ఉన్నప్పుడు పరుపు మందాన నేలకి అతుక్కుని ఉంటుంది. కారు కిందకి తోసి, నాలుగు రబ్బరు దిమ్మల్నీ కారు అంచుల కింద గట్టి చోటు చూసి సర్ది, పక్కనున్న పంపుకి కరెంటిచ్చి బొత్తాం నొక్కితే, కత్తెరలా విచ్చుకుంటూ కారుని నడుం ఎత్తుకి లేపుతుంది. లేస్తున్నంతసేపూ టక్కు టక్కుమని లాకులు పడతాయి. లాకు గట్టిగా పడిందని చూసుకున్నాకే కిందకి వెళ్లాలి. నేను చూసుకున్నాను. పీట వేసుకుని కూర్చున్నాను.

తొందర ఎందుకంటే, శుక్రవారం ఉదయం మా వదినని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వదినంటే ఇందుమతి అక్కగారు, అనసూయమ్మ. పక్క వీధిలో ఉంటుంది. ఒక కంటికి శుక్లం తీశారు. రెండో కంటికి ఈ శుక్రవారం ఇచ్చారు. అది దాటితే డాక్టరుగారు ఎండాకాలం వెళ్లేదాకా దొరకరు. ఆసుపత్రేమో ఏటి అవతల పట్నంలో. వదిన నడుముకి ఆటో పడదు, బస్సు అసలే పడదు. ఇందుమతి కారులో ముందు సీటు వెనక్కి వాల్చుకుంటే మాత్రం ఎంత దూరమైనా వస్తుంది.

"ఒక కన్ను కొత్తది, ఒక కన్ను పాతది అయిపోయింది మరిదిగారూ," అంటోంది కొన్నాళ్లుగా. "కొత్త కంటితో చూస్తే మీ చొక్కాకి పసుపు మరకలు కనబడుతున్నాయి. పాత కంటితో చూస్తే పెళ్లికొడుకులా ఉన్నారు. ఏది నమ్మాలో తెలియక చస్తున్నాను."

కారు కింద కూర్చుని పైకి చూస్తే నాకో సంగతి బోధపడింది. కారు కింది రేకు మీద ఇందుమతి నాకు చెప్పని విషయాలన్నీ ఉన్నాయి. ఇక్కడొక సొట్ట, అక్కడొక పొడుగాటి గీత. స్పీడు బ్రేకరు మీద దబ్బుమన్నప్పుడల్లా "ఏమీ తగల్లేదు, మీ చెవుల్లోనే ఏదో చప్పుడు" అనేది. నా చెవులు బాగానే ఉన్నాయని ఇన్నాళ్లకి తేలింది. పాత ఆయిల్ పళ్లెంలోకి కారుతుంటే ఆ సొట్టల్ని ఒక్కొక్కటిగా పలకరిస్తూ కూర్చున్నాను. ఆయిల్ అంతా దిగాక బోల్టు బిగించాను, కొత్త ఫిల్టరు పెట్టాను. ఇక కారు దించి, బానెట్టు తీసి, కొత్త ఆయిల్ పోయడమొక్కటే మిగిలింది. ఆ బోల్టు బిగించేదాకా మునిసిపాలిటీ వారు రాకపోవడం నా అదృష్టమని ఇప్పటికీ అనుకుంటాను.

ఇక్కడ మా ఊళ్లో నడుస్తున్న ఎత్తు సర్వే గురించి చెప్పాలి. మా కమిషనర్ నళినాక్షరావు గారు ఎక్కడో శిక్షణకి వెళ్లి, పట్టణాల భవిష్యత్తు పైకే ఉందని తెలుసుకుని వచ్చారు. ఏ ఊళ్లో ఎన్ని అంతస్తులుంటే ఆ ఊరు అంత ఎదిగినట్టట. వచ్చిన మర్నాడే ఆఫీసు ముందు పెద్ద నల్లబల్ల పెట్టించి "మల్లవకోడు మొత్తం అంతస్తులు" అని రాయించారు. లెక్కలో పొరపాటు రాకుండా అంతస్తంటే ఏమిటో కూడా నిర్వచించారు. నాలుగు ఆధారములపై నిలిచి, పైన కప్పు కలిగి, కింద మనిషి పట్టునంత ఖాళీ కలిగిన ప్రతి కట్టడమూ ఒక అంతస్తుగా పరిగణించబడును.

ఆ నిర్వచనంతో ఊరు వారం రోజుల్లో ఎదిగిపోయింది. జామతోటలో కాపలా మంచెకి ఇంటి నంబరు వచ్చింది. దోమతెర కట్టిన మంచాలన్నీ అంతస్తులయ్యాయి. పందిరి మంచం ఉన్న ఇంటివాళ్లకి నోటీసు వస్తే, పాపం ముసలాయన మంచం కోళ్లు కోయించి నేలమీద పడుకుంటున్నాడు. మంచం కింద బియ్యం బస్తాలు తోసి "మనిషి పట్టడు" అని నిరూపించుకున్న తెలివైనవాళ్లూ ఉన్నారు.

మా వీధి వంతు సోమవారం వచ్చింది.

పట్టణ ప్రణాళికా పర్యవేక్షకులు చిదంబరం గారు టేపు పట్టుకుని గేటు తీసుకుని వచ్చేసరికి ఆయనకి ముందు నా కాళ్లు కనబడ్డాయి. కాసేపు ఆ కాళ్లని చూసి, వంగి, "ఇందులో ఎన్నాళ్ల నుంచి ఉంటున్నారు?" అని అడిగారు.

"పొద్దున్న కాఫీ అయిన దగ్గర్నుంచీ," అన్నాను.

"అద్దెకా, సొంతమా?"

"సొంతమేనండి. కారు ఆయిల్ మారుస్తున్నాను."

ఆయన టేపు తీసి నేలకీ కారుకీ మధ్య కొలిచారు. తర్వాత నాకూ నేలకీ మధ్య కొలవబోయి, కూర్చున్న మనిషికి ఆ కొలత అవసరం లేదని మానుకున్నారు. దిమ్మలు నాలుగూ లెక్కపెట్టి నిట్టూర్చారు.

"మాస్టారూ, మీరు చదువుకున్నవారు. ఇలా దొంగచాటుగా మేడ వేయడం మీకు తగదు."

నేను బయటికి వచ్చి చేతులు తుడుచుకుని, అది మేడ కాదని, కారని మనవి చేసుకున్నాను.

"నేలమీద ఉన్నంతవరకు కారు. అది రవాణా శాఖ వారి పరిధి," అన్నారాయన ఓపిగ్గా. "నేలను విడిచిన క్షణం నుంచి సదరు వస్తువు మా పరిధి. నాలుగు ఆధారములు ఉన్నవి. కప్పు ఉన్నది. కింద మనిషి పట్టునా అనే సందేహం మీరే నివృత్తి చేసితిరి. కావున ఇది మొదటి అంతస్తు. మీరు కూర్చున్నది గ్రౌండ్ ఫ్లోరు."

"అయితే ఇప్పుడే దించేస్తానండి."

ఆయన నా వైపు జాలిగా చూశారు. "అనుమతి లేకుండా కట్టడం ఒక తప్పు. అనుమతి లేకుండా తీసేయడం ఇంకో తప్పు. నల్లబల్ల మీద అంకె ఇప్పటికే మారిపోయి ఉంటుంది. సర్వే ఫొటో తీయగానే అటు వెళ్లిపోతుంది."

అలా అంటూనే పంపు బొత్తాం మీద గుడ్డ చుట్టి, పురికొస కట్టి, లక్క కరిగించి సీలు వేశారు. సీలు చల్లారేదాకా ఉఫ్ ఉఫ్ అని ఊదారు కూడా. పని మీద ఆయనకి ఉన్న శ్రద్ధకి నాకు ముచ్చటేసింది. వెళ్తూ వెళ్తూ వెనక అద్దంలోంచి కుక్కబొమ్మ తల ఊపడం చూసి ఆగారు.

"మేడమీద కుక్క ఉందా?"

"బొమ్మండి."

"ప్రస్తుతానికి," అని రాసుకున్నారు.

ఆ సాయంత్రం వదిన వచ్చి గాల్లో ఉన్న కారుని ముందు కొత్త కంటితో, తర్వాత పాత కంటితో చూసింది. "రెండింటికీ ఒకేలా కనబడుతోంది," అంది. "శుక్రవారానికి దిగుతుందా?"

"దిగుతుంది వదినా," అన్నాను. ఎలాగో మాత్రం చెప్పలేదు.

మర్నాడు కమిషనర్ గారి దగ్గరికి వెళ్లాను. మంచి మనిషి. కూర్చోమన్నారు, కాఫీ ఇప్పించారు. నా ఫైలు అప్పటికే ఆయన బల్ల మీద ఉంది.

"మాస్టారూ, మిమ్మల్ని అభినందించాలి," అన్నారు. "నేను సాధారణంగా అక్రమ కట్టడాల్ని మెచ్చుకోను. కానీ ఈ ఫొటోలు చూడండి. నాలుగు వైపులా కిటికీలు. ఐదు ద్వారాలు. అందులో ఒకటి వెనక వైపు, అత్యవసర నిష్క్రమణకి. ప్రతి కిటికీకీ పైకీ కిందకీ జరిగే అద్దం. ముందు కిటికీకి వర్షపు నీటిని తుడిచే ఏర్పాటు. ఈ వార్డులో ఇంత శాస్త్రీయంగా కట్టిన మేడ ఇంకోటి లేదు."

"అది కారండి."

"ఆధునిక వాస్తుశిల్పం అంతా అలాగే ఉంటుంది," అన్నారాయన మృదువుగా. "దీన్ని క్రమబద్ధీకరిద్దాం. ఒకే ఒక్క లోపం ఉంది. మెట్లు లేవు. మెట్లు కట్టించండి."

"కట్టిస్తే సీలు తీస్తారా?"

"సీలున్న కట్టడానికి మెట్లు కట్టకూడదు."

"సీలు తీస్తే?"

"మెట్లు లేని కట్టడానికి సీలు తీయకూడదు." ఆయన ఒక క్షణం ఆలోచించారు. "ఇందులో చిన్న ఇబ్బంది ఉంది. జిల్లాకి రాస్తాం. వర్షాకాలానికి జవాబు వస్తుంది."

నేను వదిన కన్ను గురించి చెప్పాను. శుక్రవారం గురించి చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"శుక్రవారం లోపల అయ్యేది ఒకటే ఉంది," అన్నారు. "కూల్చివేత. అది మా సత్వర సేవల్లో ఉంది. పొరుగువారు ఫిర్యాదు చేస్తే మూడు రోజుల్లోగా చేసేస్తాం. మీకు అభ్యంతరం లేకపోతే."

కూల్చివేత అంటే దించడమేగా అనుకున్నాను నేను. అంత పెద్ద మాట అంత చిన్న పనికి ఎందుకు వాడతారో అని కూడా అనుకున్నాను. ఆఫీసు భాష అంతే కదా. సరేనని దణ్ణం పెట్టి వచ్చాను.

మా పొరుగున బుల్లబ్బాయి ఉంటాడు. కొబ్బరికాయల వ్యాపారం. గోడ అవతల నుంచి విషయం విని అతను నొచ్చుకున్నాడు.

"మీ మీద ఫిర్యాదంటే నాకు నోరెలా వత్తాదండి మాస్టారూ? మొన్న మా ఆవిడికి జ్వరమొస్తే రాత్రికి రాత్రి ఆ బండిలోనే కదండీ తీస్కెళ్లారు."

"ఆ బండి కోసమే చేయమంటున్నాను బుల్లబ్బాయ్. మేడ వల్ల నీకు గాలి రావడం లేదని చెప్పు చాలు."

"గాలి బానే వత్తందండి."

"రావడం లేదని చెప్పు."

అతను గోడ మీద మోచేతులానించి కారు వైపు చూశాడు. చూస్తూ చూస్తూ ఉండగా అతని మొహంలో ఏదో మారింది.

"నిజవేనండోయ్. సాయంత్రం వైపు గాలి కాస్త తగ్గింది. ఇంకోటండి, మీ మేడమీద ఎవరో మా దొడ్డికేసే చూత్తన్నారండి."

"అది కుక్కబొమ్మ."

"ఏదైనా అవనీండి. పొద్దస్తమానం చూత్తాది, తలూపుతాది. ఆడోళ్లు నీళ్లు పోసుకునే దొడ్డండి అది. కొబ్బరి చెట్టుకి ఎండ కూడా తగల్డం లేదు. మీరేం అనుకోకండి మాస్టారూ, మేడ కట్టేముందు ఒక్క మాట అడగాల్సిందండి, ఆయ్."

అతని గొంతులో నిజమైన నిష్ఠూరం వినబడింది. నేను క్షమించమన్నాను. అతను పెద్ద మనసుతో క్షమించి, ఫిర్యాదు చేయడానికి చొక్కా వేసుకున్నాడు.

శుక్రవారం తెల్లవారాక కూల్చివేత దళం వచ్చింది. ముందు చిదంబరం గారు, వెనక కమిషనర్ గారి జీపు, దాని వెనక పసుపు రంగు బుల్డోజరు, ఆ వెనక శిథిలాలు ఎత్తుకుపోవడానికి ట్రాక్టరు. బుల్డోజరు ముందు భాగానికి నిమ్మకాయలు కట్టి ఉన్నాయి. దాని మీద కూర్చున్న ఏసుపాదం నా వైపు చూసి మొహమాటంగా నవ్వాడు. పాత విద్యార్థి. ఇంటర్‌లో అక్బరు పరిపాలనా సంస్కరణల దగ్గర ఆపేశాడు.

నేను పంపు దగ్గర నిలబడి సీలు తీస్తారేమోనని ఎదురు చూస్తున్నాను. ఎవరూ పంపు వైపు రాలేదు. బుల్డోజరు మాత్రం వాకిట్లోకి వచ్చి, తొట్టి లాంటి దాని నోరు పైకెత్తి, సరిగ్గా కారు కప్పు మీదకి తెచ్చి ఆపింది.

"ఇదేంటండి?" అన్నాను.

"కూల్చివేత," అన్నారు చిదంబరం గారు. "అక్రమ అంతస్తును పై నుంచి కిందకి, కప్పుతో ప్రారంభించి తొలగించవలెను."

అప్పుడు అర్థమైంది నాకు. ఆ పెద్ద మాటని వాళ్లు దాని అసలు అర్థంలోనే వాడారు. ఇందుమతి కారు కప్పు, కిటికీలు, వదిన వాల్చుకునే సీటు, అన్నీ ట్రాక్టరులోకి వెళ్లబోతున్నాయి. కమిషనర్ గారు గడియారం చూసుకుని చెయ్యెత్తబోయారు.

సరిగ్గా అప్పుడే వదిన వచ్చింది. చేతిలో ఆసుపత్రి సంచి, ముక్కు మీద నల్లద్దాలు, తలకి నూనె రాసి గట్టిగా వేసిన ముడి. జనం మధ్యలోంచి నడుస్తూ ఎవరినీ పలకరించలేదు. నేను కారు కింద కూర్చున్న పీటని కాలితో జరిపి, దాని మీదకి ఎక్కి, కారు ముందు తలుపు తీసి, "మరిదిగారూ, కాస్త పట్టుకోండి," అంది. నేను పట్టుకున్నాను. నడుం పట్టుకుని మూలుగుతూ ఎక్కి కూర్చుంది. సీటు వెనక్కి వాల్చుకుంది. తలుపు వేసుకుంది. కుక్కబొమ్మ తల ఊపింది.

కమిషనర్ గారు ఎత్తబోయిన చెయ్యి అలాగే ఆగిపోయింది. "ఎవరామె?"

చిదంబరం గారు పుస్తకం తిప్పి చూసి, నీరసంగా, "మేడమీద ఉంటున్నవారు," అన్నారు.

కిటికీ అద్దం కిందకి దిగింది. "నాయనా," అంది వదిన కమిషనర్ గారిని చూసి, "పది గంటలకి నాకు కన్ను ఆపరేషను. మీ పనేదో కానివ్వండి. నేను అడ్డం రాను, ఇక్కడే కూర్చుంటాను."

"అమ్మా, నివాసితులు ఉండగా కూల్చరాదు. మీరు కిందకి దిగాలి."

"ఎలా దిగను? మెట్లు లేవుగా."

కమిషనర్ గారు మెట్ల విషయం తానే ఎత్తి చూపిన సంగతి గుర్తొచ్చి గడ్డం గోక్కున్నారు. ఏసుపాదం బండి ఇంజను ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో నాకు కాస్త ఊపిరి ఆడింది, దాంతో ఒక ఆలోచనా వచ్చింది. ఇరవై ఏళ్లు ఆధారాలు పరిశీలించడం పిల్లలకి నేర్పినవాణ్ణి.

"కమిషనర్ గారూ," అన్నాను, "అక్రమంగా కొత్తగా కట్టినదాన్నే కదండీ కూల్చాలి?"

"నిస్సందేహంగా."

"ఈ పై భాగం కొత్తది కాదండి. పద్నాలుగేళ్లుగా మీ ఆఫీసు ముందు నుంచే తిరుగుతోంది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. దిమ్మలూ కొత్తవి కావు, అవి నేలమీదే ఉండేవి. సోమవారం నేను కొత్తగా కట్టింది ఒకటే. ఈ రెంటికీ మధ్యనున్న ఖాళీ."

చిదంబరం గారు వంగి ఖాళీలోకి చూశారు. కమిషనర్ గారూ వంగి చూశారు. జనంలో కొందరు వంగారు.

"నిర్వచనం చదవండి," అన్నారు కమిషనర్ గారు వంగే ఉండి.

చిదంబరం గారు చదివారు. 'ఖాళీ కలిగిన' అన్న చోట ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఖాళీ లేనిదే అంతస్తు లేదు," అన్నారు కమిషనర్ గారు నిటారుగా నిలబడుతూ. ఆయన మొహంలో కొత్త వెలుగు వచ్చింది. "అంతస్తుకి మూలం ఖాళీ. మూలాన్ని వదిలి కప్పుని కొట్టడం మన పొరపాటు. ఏసుపాదం, ఖాళీని కూల్చు."

ఏసుపాదం బుల్డోజరు దిగి వచ్చాడు. కారు కింద ఒకసారి చెయ్యి పెట్టి ఇటూ అటూ ఆడించాడు.

"దీన్ని ఎటేపు నుంచి కొట్టమంటారండి?"

"ఏ వైపు బలహీనంగా ఉంటే ఆ వైపు నుంచి."

"అన్నేపులా ఒకేలాగుందండి. నా బండికి తగిలేదేదీ లేదండిక్కడ."

బుల్డోజరు నోటిని ఖాళీలోకి దూర్చాలని చూశారు. పట్టలేదు. మనుషులు పట్టే ఖాళీలో యంత్రం పట్టదని ఆ రోజు కొత్తగా రుజువైంది. ఇద్దరు మనుషులు గునపాలతో లోపలికి వెళ్లి, ఏం చేయాలో తెలియక, కాసేపు చల్లగా ఉందని కూర్చుని బయటికి వచ్చారు. గోడ అవతల నుంచి బుల్లబ్బాయి, "గట్టిగా కట్టారండి మాస్టారు," అన్నాడు.

"తొమ్మిదవుతోంది," అంది పైనుంచి వదిన. "మరిదిగారూ, ఆ మూటేదో విప్పమనండి. నాకు ఈ కంటితో ఇక్కణ్ణుంచి బాగా కనబడుతోంది. బొత్తాం దాని కిందే ఉంది."

నేను కమిషనర్ గారికి పంపు చూపించి, ఖాళీని కూల్చే యంత్రం ఇదేనని, దాన్ని వాళ్లే సోమవారం నుంచి సీలు వేసి భద్రంగా ఉంచారని చెప్పాను. ఆయన చిదంబరం గారి ముందుచూపుని మెచ్చుకున్నారు. స్వహస్తాలతో లక్క పగలగొట్టారు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. లాకు మీద కూర్చున్న లిఫ్టు నేరుగా దిగదు. ముందు కాస్త పైకి లేపితేనే లాకు వదులుతుంది. ఆ మాట చెప్పగానే చిదంబరం గారు పుస్తకం తెరిచారు.

"అదనపు ఎత్తు," అన్నారు.

"ఎంత?" అన్నారు కమిషనర్ గారు.

"బెత్తెడండి."

కమిషనర్ గారు ఆకాశం వైపు చూశారు. పదవిలో ఉన్నవారికి ఇలాంటి క్షణాలు వస్తుంటాయి. "ప్రజాహితం దృష్ట్యా బెత్తెడు ఎత్తుకి తాత్కాలిక మౌఖిక అనుమతి," అన్నారు. జనం చప్పట్లు కొట్టారు.

నేను బొత్తాం నొక్కాను. అంతస్తు బెత్తెడు లేచింది. లాకు తీసి, దించే పిడి లాగాను. సన్నగా బుస్సుమంటూ కారు దిగడం మొదలుపెట్టింది. నల్లద్దాలు పెట్టుకుని, ఒళ్లో సంచితో, సీటు వాల్చుకుని మా వదిన పల్లకీలో దిగినట్టు దిగుతోంది. ఖాళీ సన్నబడుతూ సన్నబడుతూ వెళ్లి, చక్రాలు సిమెంటుని తాకగానే లేకుండా పోయింది. ఏసుపాదం టోపీ తీశాడు. ఎందుకు తీశాడో అతనికీ తెలిసినట్టు లేదు.

కమిషనర్ గారు ప్రసంగం మొదలుపెట్టారు. నేను ఆ సందులో బానెట్టు తీసి కొత్త ఆయిల్ పోసుకున్నాను. ఆయిల్ మట్టం చూసే పుల్ల తీసి చూశాను. గీత దగ్గరికి సరిగ్గా వచ్చింది. కొన్ని కొన్ని మనమీద దయతో సరిగ్గా వస్తాయి. బానెట్టు మూసి, నేలకి మడతపడ్డ లిఫ్టుని బుల్లబ్బాయి సాయంతో కారు కింద నుంచి లాగేసి, నేనూ ఎక్కి కూర్చున్నాను.

"ఆగండి," అన్నారు చిదంబరం గారు. "శిథిలాలు."

"ఏ శిథిలాలండి?"

"కూల్చిన దానిని స్థలంలో వదలరాదు. డంపింగు యార్డుకి తరలించవలెను. కూల్చితిమి కదా."

బుల్డోజరు పక్కకి తప్పుకుంది, ట్రాక్టరు వెనక్కి వచ్చింది. గునపాల మనుషులు కారు పక్కనుంచి చేతులతో ఖాళీని ఎత్తి తొట్టిలో పోశారు. చిదంబరం గారు దగ్గరుండి, మూలల్లో మిగిలినది కూడా తీయించారు. దారిలో ఒలికిపోకుండా పైన టార్పాలిను కప్పి తాళ్లు బిగించారు. ట్రాక్టరు కదిలింది. దాని వెనక మేం కదిలాం.

మా వీధి ఇరుకు. ట్రాక్టరు డ్రైవరు బాధ్యత గల మనిషి, లోడుతో ఉన్నప్పుడు మెల్లగానే నడుపుతాడు. గుంటలు వస్తే మరీ మెల్లగా నడుపుతాడు. వదిన కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"అబ్బాయ్, నీ వెనకున్న ఖాళీ కదిలితే ఏం కాదుగాని, ఇక్కడ నా కన్ను ఆలస్యమైపోతోంది."

అతను వెనక్కి తిరిగి ఆవిడ నల్లద్దాలని చూసి, టార్పాలిను వైపు ఒకసారి చూసి, ధైర్యం చేసి పక్కకి తీశాడు. మునిసిపాలిటీ ఆఫీసు ముందున్న స్పీడు బ్రేకరు మీద కారు దబ్బుమంది.

"ఏమీ తగల్లేదు," అంది వదిన వెంటనే.

నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ రోడ్డు వైపు చూస్తోంది.

డాక్టరుగారు చేతులు కడుక్కుంటుండగా వెళ్లి నిలబడ్డాం. ఆపరేషను బాగా జరిగింది. కట్టు విప్పాక ఆవిడ ముందు నర్సుని, తర్వాత గోడ గడియారాన్ని, ఆఖరికి నన్ను చూసింది. "మీరు చొక్కా మార్చుకోవాలి," అంది.

ఆ తర్వాత కొన్నాళ్లకి మళ్లీ ఆయిల్ మార్చే రోజు వచ్చింది. వాకిట్లో కారు లేపే ధైర్యం లేక డంపింగు యార్డు వైపు వెళ్లాను. ఊరి చివర కాలవ గట్టున ఉంటుంది. ఒక మూల ఇనుప కంచె వేసి, లోపల సిమెంటు చదును చేసి, బోర్డు పెట్టి ఉంది. "స్వాధీనపరచుకొనిన ఖాళీ. పాడుచేయరాదు." కాపలాదారు పోలయ్య నన్ను చూసి లేచాడు.

"మీదేనండి కదా మాస్టారూ? బద్రంగా ఉందండి. వానలకి కూడా తడవనివ్వలేదు."

కంచె తలుపు తీశాడు. కారు లోపలికి తెచ్చి, వెంట తెచ్చిన లిఫ్టు తోసి, దిమ్మలు సర్దుకుని, పోలయ్య గదిలోంచి పంపుకి కరెంటు తీసుకుని లేపాను. కారు నడుం ఎత్తుకి లేచాక, మునిసిపాలిటీ వారు తమ స్థలంలోనే దాచిన ఖాళీలోకి మళ్లీ వచ్చి కూర్చున్నాను. ఇది వాళ్ల అధికారిక ఖాళీ కాబట్టి ఎవరూ కొలవడానికి రారు. కాలవ మీంచి గాలి వస్తోంది. గట్టు మీద కొంగలున్నాయి. చెత్త వాసన గాలి అటు తిరిగినప్పుడు అసలు ఉండదు.

వదిన కూడా వచ్చింది. నడుం నెప్పి అంటూనే పీట మీద నా పక్కన కూర్చుని, రెండు కొత్త కళ్లతో కారు అడుగు భాగాన్ని మొదటిసారి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇదీ," అని ఒక సొట్ట మీద వేలు పెట్టింది, "మా పెద్దమ్మాయి నిశ్చితార్థానికి వెళ్తున్నప్పుడు. ఇది, కల్వర్టు మీద. ఆ పొడుగు గీత, మేమిద్దరం మీకు చెప్పకుండా సినిమాకి వెళ్లినప్పుడు. 'ఆయనకి చెప్పకక్కా' అంది. చెప్పలేదు."

"ఇన్నాళ్లూ చెప్పలేదా?"

"అడిగారా మీరు?"

ఆయిల్ కారుతోంది. పైనెక్కడో, అద్దం దగ్గర, కుక్కబొమ్మ తల ఊపుతూ ఉండి ఉంటుంది. ఆయిల్ పూర్తిగా దిగాక బోల్టు బిగించబోతుంటే వదిన నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండండి మరిదిగారూ," అంది. "ఇంకా రెండు సొట్టలున్నాయి."